సమాధానం వదిలిన రెండంగుళాలు

ఆ మంగళవారం పొద్దున దర్జీ సమాధానం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి ప్రార్థన, ఏడున్నరకు ఉప్మా, తొమ్మిదిన్నరకు కూతురు ఏంజెలిన్ సైకిలెక్కడం, పదింటికి ఆమెకు ఉద్యోగం రావడం. ఇందులో తను కలగజేసుకోవాల్సిన పని ఒక్కటీ లేదు. ఆ ఒక్క ముక్క గుర్తు పెట్టుకుని ఉంటే ఈ కథ ఉప్మా దగ్గరే ముగిసేది.

వాకాడు దాటి సముద్రం వైపు పోతే వచ్చే గవ్వలదిబ్బలో ఆయన ఒక్కడే దర్జీ. పనిమంతుడే గానీ ఒక జబ్బుంది. ఎవరికేం కుట్టినా రెండంగుళాలు ఎక్కువ వదులుతాడు. పిల్లలకైతే ఎదుగుతారని, పెద్దలకైతే లావెక్కుతారని, ముసలివాళ్ళకైతే గాలాడుతుందని. ఎవరైనా నోరు తెరిస్తే, "వేసుకుంటా వేసుకుంటా ఉంటే అదే సరిపోతాది" అంటాడు. సైకిలు షాపు అమీర్ బాషాకు పదకొండేళ్ళ కిందట ఆయన కుట్టిన చొక్కా, బాషా లావెక్కడం కోసం ఇప్పటికీ ఎదురుచూస్తోంది. అప్పట్నుంచి ఇద్దరి మధ్యా మాటలున్నాయి గానీ మంచి మాటలు తక్కువ.

ఏంజెలిన్‌కు ఇరవై ఆరేళ్ళు. గూడూరులో ఒక కళ్ళజోళ్ళ కొట్టులో మూడేళ్ళు పనిచేసింది. ఆ కొట్టు మూతపడితే ఇంటికొచ్చి తండ్రి కుట్టిన చొక్కాలకు గుండీలు కుడుతూ కూర్చుంది. ఇన్నాళ్ళకు ఊళ్ళో పోస్టాఫీసులో టపా పంచే ఉద్యోగానికి ఆమె పేరు వచ్చింది. మంగళవారం పదింటికి ఇన్‌స్పెక్టరు మాల్యాద్రి గారు వస్తారనీ, తప్పకుండా పోస్టాఫీసు దగ్గర హాజరు కావాలనీ, ఆ రోజే ఆఖరు గడువనీ ఫోను వచ్చింది. హాజరు కాకపోతే ఉద్యోగం జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది.

ఎందుకు వస్తున్నారో ఫోనులో చెప్పలేదు. చెప్పకపోయినా సమాధానానికి తెలిసిపోయింది. ఆయన ఉద్యోగ ప్రకటన కాగితం బయటికి తీసి, "సైకిలు తొక్కడం తెలిసి ఉండవలెను" అన్న వాక్యం కింద సుద్దముక్కతో గీత గీశాడు.

"పరీక్ష పెట్టేదానికే వస్తా ఉండాడు."

"నాకు స్కూటీ లైసెన్సు ఉండాది గదా నాయనా. దాని జిరాక్సు అప్పుడే పెట్టినా," అంది ఏంజెలిన్.

"స్కూటీ వేరు, సైకిలు వేరు. స్కూటీని పెట్రోలు తొక్కతాది. సైకిల్ని మనం తొక్కాల."

ఈ మాటకు ఇంట్లో ఎదురు లేదు. ఎందుకంటే గవ్వలదిబ్బలో సైకిలు పందేలకు సంబంధించి సమాధానం మాటే చట్టం. చర్చి మైదానంలో ఏటా క్రిస్మస్ ఆటల్లో జరిగే స్లో సైకిలు పందేనికి పంతొమ్మిదేళ్ళుగా ఈల ఊదేది ఆయనే. అందరికన్నా ఆలస్యంగా వచ్చినవాడు గెలిచినట్టు. కాలు కింద పెట్టినవాడు అవుటు. కాలు పెట్టించడానికి ఆయన పక్కనే నడుస్తూ, "ఆగబ్బా, మీ ఇంటికి చుట్టాలొచ్చినారు" అని పిలుస్తాడు కూడా. ఏంజెలిన్‌ను కూడా అలా రెండేళ్ళు వరుసగా అవుట్ చేశాడు.

"ఏ పరీక్షయినా రూలు ఒకటే పాపా. కాలు కింద పెడితే ఉద్యోగం పోయినట్టే," అన్నాడు. రెండుసార్లు దెబ్బతిన్న మనిషి కాబట్టి ఆమె నమ్మింది.

సైకిలు బాషాది. సోమవారం సాయంత్రం ఆయనే ఏంజెలిన్‌ను దాని మీద కూర్చోబెట్టి, మడమ పెడలు మీద పెట్టించి, సీటు ఎత్తు సరిచూశాడు.

"మడమ పెడితే కాలు నిటారుగా రావాల. తొక్కేటప్పుడు మోకాలు రవ్వంత వంగాల. ఇదీ నీ కొలత," అన్నాడు. "కుడిచేతిది ముందు బ్రేకు, ఎడమచేతిది వెనక బ్రేకు. రెండూ కలిపి నిదానంగా పట్టు. ముందుదొక్కటే గట్టిగా పట్టినావంటే బండి ఆగతాది, నువ్వు ఆగవు. దిగేటప్పుడు సీటు మీద నుంచి ముందుకు జారి ఒక కాలు ఆనించు."

"కాలు ఆనించకూడదంట గదా మామా?"

"ఆనించకుండా ఎట్ట దిగతావమ్మా, ఎగరతావా? బ్రేకుకు కొత్త రబ్బర్లు వేసినా. రెండ్రోజులు కీచుమంటాయి. అరవనీ. సీటు కదిలించబాకండి, బ్రేకు ముట్టుకోబాకండి."

ఆఖరు వాక్యం చెప్పేటప్పుడు బాషా సమాధానం వైపే చూశాడు. అక్కడే చెడింది. తన కూతురు కొలత ఇంకొకడు తియ్యడమే సమాధానానికి మింగుడుపడని విషయం.

మంగళవారం ఏంజెలిన్ స్నానానికి వెళ్ళగానే ఆయన మెడలో టేపుతో సైకిలు దగ్గరికి వెళ్ళాడు. పెడలు నుంచి సీటు దాకా కొలిచాడు. బాషా ఒక్క నూలు కూడా వదల్లేదు. ముప్పై ఏళ్ళు చెయ్యాల్సిన ఉద్యోగానికి ఇంత బిగుతుగానా! పానా తెచ్చి సీటు రెండంగుళాలు ఎత్తాడు. తర్వాత సైకిలు ముందుకు నెట్టి బ్రేకు పట్టి చూశాడు. కీచుమంది. ముప్పై ఏళ్ళుగా తన కుట్టుమిషను కీచుమన్నప్పుడు ఆయన ఒకటే వైద్యం చేస్తున్నాడు. బల్ల మీదున్న మిషను నూనె తెచ్చి రబ్బర్లకు నాలుగు, రిమ్ముకు చుట్టూ మరో పది చుక్కలు వేసి గుడ్డతో సాపుగా రాశాడు. మళ్ళీ పట్టి చూస్తే చప్పుడు లేదు. ఎంత సంతోషించాడంటే, చక్రం ఆగిందా లేదా అన్నది చూడ్డం మరిచిపోయాడు. నూనె సీసా జేబులో వేసుకుని ఉప్మా తినడానికి వెళ్ళాడు.

తొమ్మిదిన్నరకు ఏంజెలిన్ ఇంటి మెట్టు మీద నుంచి సైకిలెక్కింది. ముందు బుట్టలో అసలు సర్టిఫికెట్ల ఫైలు. ఎగిరిపోకుండా తల్లి ఆనందకుమారి దానికి బట్టల క్లిప్పులు నాలుగు పెట్టింది.

"నాయనా, ఇది నిన్నటి సీటు కాదు. కాళ్ళు అందటం లేదు."

"తొక్కతా తొక్కతా ఉంటే అదే సరిపోతాది," అని సమాధానం వెనక నుంచి తోశాడు.

గవ్వలదిబ్బ సిమెంటు రోడ్డు ఊరి చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది. సమాధానం ఇల్లు, చర్చి, బాషా షాపు, పోస్టాఫీసు, నీళ్ళ ట్యాంకు, మళ్ళీ సమాధానం ఇల్లు. రెండు పక్కలా కాలవలు, మొన్నటి వానకు నిండుగా ఉన్నాయి. ట్యాంకు దగ్గర మాత్రం సముద్రం వైపు ఒక ఇసక బాట చీలుతుంది. చర్చి దాటాక చిన్న వాలు. ఆ వాలులో ఏంజెలిన్ రెండు బ్రేకులూ కలిపి నిదానంగా, బాషా చెప్పినట్టే పట్టింది. నిన్నటి కీచు లేదు. ఆ కీచుతో పాటు ఆగడం కూడా పోయింది. గట్టిగా నొక్కింది. బ్రేకు పిడి హ్యాండిలుకు ఆనింది, చక్రం మాత్రం తన దారిన తను పోతోంది. కాలు ఆనిద్దామంటే మునివేళ్ళకు కూడా నేల అందదు. పడిపోదామంటే బుట్టలో సర్టిఫికెట్లు, పక్కన కాలవ. పైగా కాలు పెడితే ఉద్యోగం పోతుంది. ఆగాలనుకున్నా ఆగలేదు, ఆగగలిగినా ఆగకూడదు. ఇంక వేరే దారి లేక తొక్కుతూనే ఉంది.

అప్పుడే, పది కాకముందే, మాల్యాద్రి గారు పోస్టాఫీసు ముందుకు వచ్చారు. ఆయన మోటారుసైకిలు బ్రేకు వీధంతా వినపడేలా కీచుమంది. దిగి, సీటు మీద ఒక కాగితం పరిచి, కలం మూత తీశారు. ఎదురుగా సైకిలు వస్తోంది.

"సార్ నమస్తే! ఏంజెలిన్ని!"

"వచ్చినావా అమ్మా, రా రా," అన్నారాయన. ఆమె వచ్చింది, వెళ్ళిపోయింది. మాల్యాద్రి గారు చాచిన కలం అలాగే ఉండిపోయింది.

పక్కనే అరుగు మీద బియ్యంలో రాళ్ళు ఏరుతున్న సైదాబీ, బాషా భార్య, తల ఎత్తకుండానే, "తిరిగొస్తాది సార్. రోడ్డు గుండ్రం," అంది.

నిజంగానే తిరిగొచ్చింది. ఈసారి మాల్యాద్రి గారు రోడ్డు మధ్యకు వచ్చి చెయ్యెత్తారు.

"ఆగమ్మా!"

"ఆగితే అవుటు గదా సార్!" అంటూ ఆమె ఆయన పక్క నుంచి ఒడుపుగా తిప్పుకుని పోయింది.

ఈ వాక్యాన్ని ఆయన మనసులో అటూ ఇటూ తిప్పి చూశారు. ఎటు తిప్పినా అర్థం కాలేదు. మోటారుసైకిలెక్కి వెంటపడి ట్యాంకు దగ్గర ఆమెను అందుకున్నారు.

"ఏమ్మా, నీకీ ఉద్యోగం కావాల్నా వద్దా?"

"కావాల సార్! అందుకే తొక్కతా ఉండా!"

"కావాలంటే ఆగు!"

ఏంజెలిన్ ఆయన్ని ఓరగా చూసి నవ్వబోయి, భయానికి నవ్వు రాక, "మా నాయన కూడా ఇట్టనే పిలస్తాడు సార్. నేను మోసపోను!" అంది. అక్కడ రోడ్డు మీద వలలు ఆరేసి ఉన్నాయి. పక్కన మిగిలిన సందులోంచి సైకిలు దూరిపోయింది, మోటారుసైకిలు కీచుమని ఆగిపోయింది.

మూడో చుట్టుకు ఆనందకుమారి వాకిట్లోకి వచ్చింది. కూతురు, ఆమె వెనక దూరంగా ఆఫీసరు. పరీక్ష ఇంత పెద్దదని ఆమె అనుకోలేదు. "ఎన్ని చుట్లంట?" అని పక్కింటామె అడిగితే, "బైబిల్లో యెరికో కోట చుట్టూ తిరిగింది ఏడుసార్లు గదా. ఇది కూడా ఏడే అయ్యుంటాది," అని తనకు తోచింది చెప్పి మోకరించింది. ఆ మాట ఆమె 'ఆమెన్' అనేలోపే వీధి చివరిదాకా పోయింది. ఏడు చుట్లు తొక్కితేనే ఉద్యోగమట. ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నాలుగో చుట్టులో ఎవరో "ఉద్యోగం వచ్చేసింది, పనిలో దిగేసింది" అన్నారు. దాంతో సైదాబీ చేట పక్కన పెట్టి, వెంకటాచలంలో ఉన్న చెల్లెలికి రాసిన ఉత్తరం తెచ్చి సాగిపోతున్న బుట్టలో వేసింది. చర్చి దగ్గర ఇంకొకాయన ఆధార్ కార్డు వేశాడు. ఎందుకు వేశాడో ఆయనకే తెలీదు. అందరూ ఏదో వేస్తున్నారని వేశాడు.

మాల్యాద్రి గారు పోస్టాఫీసు దగ్గరికి తిరిగొచ్చి గడియారం చూసుకున్నారు. పదకొండింటికల్లా ఆయన వాకాడులో ఉండాలి. మంచి మనిషే, ఆ అమ్మాయి పొట్ట కొట్టాలని ఆయనకేమీ లేదు. కానీ రూలు రూలే. 'అభ్యర్థి హాజరు కాలేదు' అని రాయడానికి ఆయన కలం తీసినప్పుడల్లా ఆమె ఎదురుగా హాజరవుతోంది. "గుడ్ మార్నింగ్ సార్!" అని పలకరిస్తోంది కూడా. హాజరైనట్టా, కానట్టా? పాతికేళ్ళ సర్వీసులో ఇలాంటిది ఆయనకు తగల్లేదు.

అయిదో చుట్టుకు అమీర్ బాషా ట్యూబుల కట్టతో వాకాడు నుంచి వచ్చి ఆటో దిగాడు. కళ్ళ ముందు నుంచి తన సైకిలు పోయింది. బాషా సైకిలును ఒక్క చూపు చూశాడు. సీటు గొట్టం నిన్నటికన్నా పొడుగ్గా బయటికొచ్చింది. రిమ్ము ఎండలో అద్దంలా మెరుస్తోంది. ట్యూబులు అక్కడే పడేసి సమాధానం ఇంటి దగ్గరికి పరిగెత్తాడు. సమాధానం మెడలో టేపుతో, చేతిలో ఈలతో గుమ్మంలో నిలబడి గర్వంగా చూస్తున్నాడు.

"అన్నా, సీటు ఎవరు ఎత్తినారు?"

"నేనే. నువ్వు కొలత వదల్లేదు. వదలడం నాకు అలవాటు."

"బ్రేకులకు ఏం చేసినావు?"

"కీచుమంటా ఉంటే మిషన్ నూనె వేసినా. ఇప్పుడు చూడు, ఎంత మెత్తగా పోతా ఉండాదో!"

బాషా నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఓరి సామీ! మిషను ఆడాలని నూనె వేస్తారన్నా. బ్రేకు ఆపాల! పట్టుకునేదానికి నూనె రాస్తే ఏం పట్టుకుంటాది? ఆ పాప తొక్కటం లేదు, ఆగలేక పోతా ఉండాది!"

సమాధానం చేతిలోంచి ఈల జారిపోయింది. ఇంతసేపూ గర్వంగా చూస్తున్న కూతురి మొహాన్ని ఆయన అప్పుడు మొదటిసారి సరిగ్గా చూశాడు. చెమటతో తడిసి, పెదవి కొరుక్కుంటూ, ఏడుపు ఆపుకుంటున్న మొహం అది. చిన్నప్పుడు జ్వరమొచ్చినా చెప్పకుండా బడికి పోయే పిల్ల. తను చెప్పిన రూలు కోసం ఇప్పుడు కూడా నోరెత్తడం లేదు. ఉద్యోగం లేదు, గిద్యోగం లేదు, పిల్ల కిందికి దిగితే చాలనిపించింది. చెప్పులు వదిలేసి రోడ్డు మీద పడ్డాడు.

ఈలోగా విషయం ఊరికి పాకింది. సాయం చెయ్యడానికి ఊరంతా ఒక్కసారే నోళ్ళు తెరిచింది. "ముందు బ్రేకు పట్టు!" అని ఒకరు, "పట్టబాక, పల్టీ కొడతావు!" అని ఇంకొకరు, "దూకెయ్!" అని కాలవ అవతలి నుంచి మరొకరు. ఆనందకుమారి మాత్రం, "ఇంకొక్కటేనమ్మా, ఏడోది!" అని ధైర్యం చెబుతోంది. ఏంజెలిన్‌కు ఏ గొంతు ఎవరిదో తెలియలేదు. చెవుల్లో గాలి, కళ్ళల్లో చెమట.

ట్యాంకు దగ్గర బాషా రోడ్డుకు అడ్డంగా నిలబడి రెండు చేతులూ ఇసక బాట వైపు చూపించాడు. "తొక్కడం ఆపెయ్! ఇసకలోకి తిప్పు! ఇసకే ఆపతాది! ఆగంగానే ముందుకు జారి కాలు పెట్టు!"

"కాలు పెడితే ఉద్యోగం పోతాది మామా!"

అప్పుడు వినపడింది ఆమెకు బాగా తెలిసిన గొంతు. పంతొమ్మిదేళ్ళుగా అవుట్ అని అరిచిన గొంతు. సమాధానం వగరుస్తూ, మెడలో టేపు వెనక్కి ఎగురుతుంటే పరిగెత్తుకొస్తూ అరిచాడు.

"పెట్టు తల్లీ! కాలు కింద పెట్టు! ఫెయిలైతే ఫెయిలవు! నా మాట వినబాక, బాషా మాట విను!"

గవ్వలదిబ్బలో ఆయన నోట ఆ ఆఖరు మాట ఎవరూ విని ఉండలేదు. ఏంజెలిన్ హ్యాండిలు తిప్పింది. చక్రాలు ఇసకలో దిగబడి, సైకిలు నాలుగు బారలు పోయి మెల్లబడింది. ఆమె సీటు మీద నుంచి ముందుకు జారి ఎడమకాలు నేలకు ఆనించింది. సైకిలు ఆగింది. క్లిప్పుల్లో సర్టిఫికెట్లు, వాటి మీద సైదాబీ ఉత్తరం, ఆధార్ కార్డు భద్రంగా ఉన్నాయి.

మాల్యాద్రి గారు కాగితం పట్టుకుని ఇసకలో పడుతూ లేస్తూ వచ్చారు. ఏంజెలిన్ తల వంచుకుంది.

"ఫెయిలైనా సార్. కాలు పెట్టేసినా."

"దేంట్లో ఫెయిలమ్మా?"

"సైకిలు పరీక్షలో."

"సైకిలు పరీక్షా? ఎవరు పెట్టినారు?"

ఊరంతా సమాధానం వైపు చూసింది. సమాధానం టేపు వైపు చూసుకున్నాడు.

"నీ స్కూటీ లైసెన్సు జిరాక్సు ఫైల్లో ఉంది గదమ్మా. స్కూటరు వచ్చంటే సైకిలు వచ్చినట్టే మాకు. నేను వచ్చింది నీ ఉద్యోగం కాగితం నీకిచ్చి ఒక సంతకం పెట్టించుకోవడానికి," అన్నారు మాల్యాద్రి గారు, మొహం తుడుచుకుంటూ. "నువ్వు తొక్కాల్సిన పనే లేదు. ఒక్కసారి ఆగి ఉంటే చాలు. తొందరగా పెట్టు, టైమైపోతా ఉంది."

ఏంజెలిన్ నవ్వింది, ఏడ్చింది, ఏది ముందో తెలియలేదు. కాగితం పెట్టుకోవడానికి ఆ ఇసకలో బల్ల లేదు. సమాధానం వచ్చి కూతురి ముందు వీపు వంచి నిలబడ్డాడు. కానీ ఆయన చొక్కా కూడా ఆయన కుట్టుకున్నదే. వదులు ముడతల్లో కలం దిగబడుతోంది. బాషా పక్కకు వచ్చి, ఆ ఎక్కువ గుడ్డనంతా పిడికిట్లోకి లాగి బిగించి పట్టుకున్నాడు. ఏంజెలిన్ చక్కగా సంతకం చేసింది. సమాధానం కుట్టిన బట్ట ఒకటి మనిషికి సరిపోవడం ఊరు చూడటం అదే మొదటిసారి.

"బాషా, ఆ పాత చొక్కా తెచ్చియ్యి. బిగించి ఇస్తా," అన్నాడు సమాధానం, వంగినవాడు వంగినట్టే.

"బ్రేకు రబ్బర్లు మార్చినాక తెస్తాలే అన్నా," అన్నాడు బాషా, చొక్కా వదలకుండానే.

మాల్యాద్రి గారు ఉద్యోగం కాగితం ఏంజెలిన్ చేతిలో పెట్టి, సంతకం చేసిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోస్టాఫీసు దగ్గరికి నడిచారు. సమాధానం సాగనంపడానికి చేతులు కట్టుకుని వెంట వచ్చాడు. ఆయన బండెక్కి, స్టాండు తీసి, ఎందుకైనా మంచిదని బ్రేకు ఒకసారి నొక్కి చూసుకున్నారు. అది వీధంతా వినపడేలా కీచుమంది. సమాధానం చెయ్యి అలవాటు చొప్పున జేబులోని నూనె సీసా మీదికి వెళ్ళింది.

మాల్యాద్రి గారు ఆ చెయ్యి చూసి, బ్రేకు మళ్ళీ కీచుమనకుండా బండి దిగి, ట్యాంకు మలుపు దాటేదాకా దాన్ని నెట్టుకుంటూ వెళ్ళి, అక్కడ స్టార్టు చేసుకున్నారు.